అంకెల రూపం – మనిషి నమ్మకం

సంఖ్య విలువ దాని రూపాన్ని బట్టి మారదు. కాని సంఖ్య పట్ల మనిషికి కలిగే భావం మాత్రం రూపాన్ని బట్టి మారుతూ వచ్చింది. ఒకే సంఖ్య ఒక రూపంలో భక్తిని, మరొక రూపంలో చులకన భావాన్ని, ఇంకొక రూపంలో అనుమానాన్ని రేకెత్తించింది. ముస్లిం నాగరికతా చరిత్రలో ఇందుకు స్పష్టమైన నిదర్శనాలున్నాయి.

అక్షరాలనే సంఖ్యలుగా వాడే పద్ధతి అరబ్బులలో ఉండేది. దీనికి ‘అబ్జద్’ అని పేరు. హైదరాబాదులోని చార్మినార్ నిర్మాణ సంవత్సరాన్ని ‘యా హాఫిజ్’ అనే మాట తెలుపుతుందని చెబుతారు. యే 10, అలిఫ్ 1, హే 8, అలిఫ్ 1, ఫే 80, జోయ్ 900, మొత్తం 1000. అది హిజ్రీ 1000, అనగా క్రీ.శ. 1591–92. లెక్క కడితే అది తేదీ. చదివితే సంరక్షకుడైన అల్లాహ్‌ను పిలిచే ప్రార్థన. అయితే అక్షరాలలో తేదీని పొదగడం సాధ్యమే గాని, వాటితో గుణకార భాగహారాలు చేయడం కష్టం.

ఆ కొరతను తీర్చినవి భారతీయ అంకెలు. 9వ శతాబ్దంలో బాగ్దాదులో ముహమ్మద్ ఇబ్న్ మూసా అల్-ఖ్వారిజ్మీ ఈ గణన విధానంపై గ్రంథం రచించాడు. ఖాళీ స్థానాన్ని తెలిపే గుర్తును అరబ్బులు ‘సిఫ్ర్’ అన్నారు. అయినా ఈ అంకెలకు వెంటనే గౌరవం దక్కలేదు. వాటిని ధూళి పరచిన పలకపై రాస్తూ, చెరుపుతూ లెక్క కట్టేవారు. వీధులలో జాతకాలు చెప్పి పొట్టపోసుకునేవారి చేతిలోనూ అదే పలక! అందుచేత దానిని పట్టుకోవడానికి పలువురు సంకోచించేవారని హిజ్రీ 341లో (క్రీ.శ. 952–53) డమాస్కసులో గ్రంథం రచించిన అల్-ఉక్లీదిసీ పేర్కొన్నాడు. సిరాతో కాగితంపై లెక్క చేసే మార్గాన్ని ఆయన చూపాడు. చెరపనవసరం లేకపోవడంతో తప్పు ఎక్కడ దొర్లిందో వెనుకకు పోయి చూసే వీలు కలిగింది.

ఐరోపాలో ఈ అంకెలను మరొక విధంగా శంకించారు. 1299లో ఫ్లోరెన్సు నగరపు సరాఫుల సంఘం ఖాతాలలో అంకెలను నిషేధించి, మొత్తాలను మాటలలో రాయాలని శాసించింది. సున్నను కొద్దిగా దిద్దితే ఆరో తొమ్మిదో అవుతుందన్న భయమే ఇందుకు కారణమని చరిత్రకారులు సాధారణంగా వివరిస్తారు. నేటికీ చెక్కుపై మొత్తాన్ని అంకెలతో పాటు అక్షరాలలో కూడా రాస్తున్నాం.

భారతదేశంలో ఫారసీ దఫ్తర్ల లెక్కలు ‘సియాఖ్’ లేక ‘రఖమ్’ లిపిలో సాగాయి. అరబ్బీ సంఖ్యావాచక పదాలనే కుదించి రాసిన గుర్తులివి. దఫ్తరు గుమాస్తాలు దీనిని ప్రత్యేకంగా అభ్యసించేవారు. ఆ శిక్షణ లేనివారికి, ఫారసీ చదవగలిగినా, అందులోని మొత్తం బోధపడేది కాదు. తన భూమిపై ఎంత శిస్తు పడిందో రైతు స్వయంగా చూసుకోలేడు. గుమాస్తా చెప్పిందే లెక్క. ఆనాటి పత్రాలను పరిశీలించే నేటి పరిశోధకుడికీ ఆ లిపి నేర్వక తప్పదు.

అంకె రూపం అలంకారం మాత్రమే కాదని ఈ చరిత్ర తెలుపుతున్నది. లెక్కను ఎవరు చదవగలరో, ఎవరు ప్రశ్నించగలరో నిర్ణయించేది కూడా అదే. అల్-ఉక్లీదిసీ కాగితం గొప్పతనం ఇక్కడే ఉంది. అది లెక్కను దాచలేదు. చేసినవాని తప్పును సైతం చూసేవారి ముందు ఉంచింది.