కల్పిత కథలలో మన ముఖములు

ఉగాది సంచికకు పాత సంగతి ఏదైనా వ్రాయమని సంఘం వారు కోరినారు. మేము రైల్వే గుమాస్తాలమే గాని చరిత్రకారులము కాము. అయినను తోచినది మనవి చేయుచున్నాము.

1965లో మన కోలారు గనులలో, రెండు కిలోమీటర్లకు పైగా లోతున, శాస్త్రజ్ఞులు న్యూట్రినోల జాడ పట్టినారు. మరుసటి యేడే అమెరికా టెలివిజన్‌లో ‘స్టార్ ట్రెక్’ అను ఆకాశనౌక కథ మొదలైనది. అందులో నల్లజాతి నటి నీషెల్ నికోల్స్ నౌకాధికారిణి. ఆమె మానుకోబోగా మార్టిన్ లూథర్ కింగ్ వారించినాడు. రాబోవు కాలపు కథలో తమవారు సమానులుగా కనబడవలెనని ఆయన తలంపు. ఆ పరంపరలోనే 2017లో ఇద్దరు పురుషులు దంపతులుగా గౌరవముతో కనిపించినారు.

మరి మన గనివారి మాటేమి? 2018లో వచ్చిన ‘కె.జి.ఎఫ్.’ చిత్రమునకు పేరు మనది, కథ కల్పితము. అందులో కూలీలు నోరులేని బానిసలు. ఒక వీరుడు వచ్చి విడిపించవలెను. జరిగినది వేరు. 1930లో వేలిముద్రల నిబంధనను ఎదిరించి కార్మికులు 21 రోజులు సమ్మె చేసినారు. ఏ వీరుని కొరకూ వేచియుండలేదు. ఆ గనులలో దిగినవారిలో అధికులు దళితులు. వారి పూర్వుల కథను 2024లో పా. రంజిత్ ‘తంగలాన్’లో కల్పనతో కలిపి చూపినాడు.

2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడినవి. మారికుప్పం బండెక్కి బెంగుళూరు పనులకు పోవు మన పిల్లలు తాము బానిసల సంతతియని తలంపరాదు. పచ్చడి పంచునప్పుడు తాతల సమ్మె కథ కూడ చెప్పుడు.