గుత్తి లేఖ – భారతీయ గణిత వికాసం

ఒకే లెక్కల పుస్తకం అన్న నుండి తమ్మునికి, అతని నుండి పక్క గది పిల్లలకు చేరడం కామాఠిపుర చాళ్లలో పరిపాటి. దీనిని పేదరికపు గుర్తుగా భావించి చిన్నబోయే విద్యార్థులు భారతీయ గణితశాస్త్ర చరిత్రలోని ఒక ఘట్టాన్ని తెలుసుకోవాలి.

1900లో జర్మన్ గణితవేత్త హిల్బర్ట్ కొత్త శతాబ్ది పరిష్కరించవలసిన 23 సమస్యలను ప్రతిపాదించాడు. ఐరోపాలో పరిశోధన పత్రికలు, గ్రంథాలయాలు అప్పటికే వర్ధిల్లుతున్నాయి. మన దేశంలో గణితాభిరుచి గలవారు ఉన్నా, విదేశీ గ్రంథాలను ఒక్కొక్కరే తెప్పించుకోవడం తలకు మించిన భారంగా ఉండేది.

ఈ కొరతకు పరిష్కారం అనంతపురం జిల్లా గుత్తిలో తట్టింది. అక్కడ డిప్యూటీ కలెక్టరుగా ఉన్న వి. రామస్వామి అయ్యర్ 1906 డిసెంబరులో గణితాభిమానులకు ఒక లేఖ వ్రాశారు. అందరూ చందాలు వేసుకొని గ్రంథాలు, పత్రికలు తెప్పించి, వంతులవారీగా చదువుకోవాలన్నది ఆయన ఆలోచన. 1907 ఏప్రిల్ 4న 20 మంది సభ్యులతో సంఘం వెలసింది. బి. హనుమంతరావు తొలి అధ్యక్షులు. పుణె ఫెర్గూసన్ కళాశాలలో నెలకొల్పిన గ్రంథాలయం నుండి పుస్తకాలు తపాలా ద్వారా సభ్యులకు అందేవి. 1909లో సంఘపత్రిక ఆరంభమైంది. 1910లో ఇండియన్ మేథమెటికల్ సొసైటీ అనే పేరు స్థిరపడింది.

అదే సంవత్సరం పట్టా గాని, ఉద్యోగం గాని లేని ఒక యువకుడు తన నోటుపుస్తకాలతో అయ్యర్‌ను ఆశ్రయించారు. ఆయనే శ్రీనివాస రామానుజన్. బెర్నౌలీ సంఖ్యలపై ఆయన తొలి పరిశోధన వ్యాసం 1911లో ఈ పత్రికలోనే అచ్చయింది. 1914లో కేంబ్రిడ్జి ప్రయాణం, 1918లో రాయల్ సొసైటీ సభ్యత్వం దాని వెనువెంట వచ్చిన ఘనతలు.

తెలుగునాట 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఏర్పడింది. 1929 నుండి 1941 వరకు అక్కడ పనిచేసిన ఎస్.ఎస్. పిళ్లై సంఖ్యావాదంలో ప్రసిద్ధమైన వారింగ్ సమస్యపై అమూల్యమైన కృషి సల్పారు. అక్కడ గణితం అభ్యసించిన సి.ఆర్. రావు సాంఖ్యకశాస్త్రంలో విశ్వవిఖ్యాతులయ్యారు.

చేతులు మారిన పుస్తకాలతోనే మన దేశంలో ఇంతటి విద్య వేళ్లూనింది. ప్లాటినం జూబిలీ జరుపుకొంటున్న ఈ శుభవేళ, పూర్వవిద్యార్థులు తలా ఒక గణిత గ్రంథాన్ని పాఠశాలకు సమర్పించి, అవి నాగ్‌పాడాలోని గదిగదికీ తిరిగే ఏర్పాటు చేస్తే, గుత్తి లేఖకు మనం వ్రాసే జవాబు అదే అవుతుంది.