రెండో తెర

మా లాల్ దర్వాజాలో ఆషాఢం అంటే బోనాలు. నాకు మాత్రం బోనాలతో పాటు శుభలేఖలు కూడా. ఆషాఢంలో పెళ్ళిళ్ళు ఉండవు గానీ, శ్రావణంలో జరగబోయే పెళ్ళిళ్ళ కార్డులు అప్పుడే అచ్చుకి వెళ్తాయి. ఛత్తా బజార్‌లో కార్డుల షాపు పెట్టుకున్న ఒకాయనకి నేను ఇంటి నుంచే తెలుగు టైపింగ్ చేసి ఇస్తాను. పేజ్‌మేకర్, అను ఫాంట్లు, ఒక పాత కంప్యూటర్. వంటయ్యి, పిల్లలు బడికి వెళ్ళాక నా ఆఫీసు మొదలు.

కొన్నేళ్ళ క్రితం ఒక కార్డులో ముహూర్తం 10-42 అని ఉంటే, నేను 10-24 అని కొట్టాను. పెళ్ళివారు పంపిన కాగితం ఫోటో ఒక విండోలో, నా పేజీ ఇంకో విండోలో. ఇది చూసి, అది మూసి, అంకె గుర్తుపెట్టుకుని టైపు చేయడం. ఆ మూసి తెరిచే మధ్యలోనే కుక్కర్ కూత వేసింది. 400 కార్డులు అచ్చయిపోయాయి. షాపాయన ఒక్క మాట అనలేదు. "పోనీలెండి అమ్మా" అన్నాడు. అదే ఎక్కువ బాధ పెట్టింది. వరలక్ష్మీ వ్రతానికి దాచుకున్న డబ్బులు తీసి ఇచ్చేశాను. ఇక ఈ పని మానేద్దామనుకున్నాను.

ఆ ఆదివారం బోనాలకి వచ్చిన మా మరిది విషయం విని, "వదినా, పని మానకు. నీకు కావలసింది ఇంకో తెర" అన్నాడు. వాళ్ళింట్లో మూల పడి ఉన్న మానిటర్ తెచ్చి పక్కన పెట్టాడు. ఎడమ పక్క పెళ్ళివారి కాగితం, కుడి పక్క నా పేజీ. తల తిప్పితే చాలు!

ఇంత చిన్న సుఖం ఎప్పటి నుంచి ఉందా అని ఆరా తీస్తే, మన పెళ్ళిళ్ళ కంటే పాత కథే అని తేలింది.

1981లో ఐబీఎం పీసీ వచ్చినప్పుడే అందులో అక్షరాలకి ఒక కార్డు, రంగుల బొమ్మలకి ఒక కార్డు కలిపి పెట్టుకునే వీలుండేది. 1983లో వచ్చిన లోటస్ 1-2-3 అనే లెక్కల ప్రోగ్రాం ఒక తెర మీద అంకెలు, ఇంకో తెర మీద వాటి గ్రాఫు చూపించేది. కానీ ఆ రెండు తెరలూ తోడికోడళ్ళలాంటివి. ఒకే ఇంట్లో ఉన్నా ఎవరి వంటిల్లు వాళ్ళదే. ఒకదాని మీది వస్తువు ఇంకోదాని మీదకి జరగదు.

గోడ తీసేసింది ఆపిల్ వాళ్ళు. 1987లో వచ్చిన మ్యాకింతోష్ 2లో కార్డులు పెట్టుకోవడానికి ఆరు స్లాట్లు ఉండేవి. ఒక్కో కార్డుకి ఒక్కో మానిటర్ తగిలిస్తే అన్నీ కలిసి ఒకే పెద్ద బల్లలా పని చేసేవి. కిటికీని ఒక తెర నుంచి ఇంకో తెరకి మౌస్‌తో లాక్కెళ్ళవచ్చు. ధర మాత్రం మనలాంటి ఇళ్ళకి అందేది కాదు.

మామూలు ఇళ్ళ కంప్యూటర్లకి ఆ సౌకర్యం 1998లో విండోస్ 98తో వచ్చింది. తొమ్మిది మానిటర్ల దాకా కలపవచ్చన్నారు. అదే ఏడాది నవంబరులో మన మాదాపూర్‌లో సైబర్ టవర్స్ మొదలైంది. మన పిల్లలు పాతబస్తీ నుంచి హైటెక్ సిటీకి బస్సులెక్కడం ఆ తర్వాతి కథ.

లినక్స్ వాళ్ళకి 2000లో జినెరామా వచ్చాకే కిటికీలు తెరలు దాటడం మొదలైంది. అంతకు ముందు ఏ తెర మీద తెరిచిన ప్రోగ్రాం అక్కడే ఉండిపోయేది. మానిటర్ తగిలించినా తీసినా సెట్టింగుల ఫైలు చేత్తో దిద్దుకోవలసి వచ్చేది. 2007 తర్వాత ఆ బాధ తగ్గింది.

2009లో విండోస్ 7 ఒక చిన్న వరం ఇచ్చింది. విండోస్ మీటతో పాటు పి నొక్కితే నాలుగు దారులు కనిపిస్తాయి. మొదటి రోజు నాకు రెండు తెరల మీదా ఒకటే బొమ్మ వస్తే పాడైందనుకున్నాను. అది డూప్లికేట్. మనకి కావలసింది ఎక్స్‌టెండ్. మౌస్ తప్పు వైపుకి పోతుంటే డిస్‌ప్లే సెట్టింగుల్లో 1, 2 అని ఉన్న పెట్టెల్ని, బల్ల మీద మానిటర్లు ఏ వరసలో ఉన్నాయో ఆ వరసలోకి జరపాలి. అంతే.

మొదట గోడ తీసినవాళ్ళే తర్వాత పిసినారులయ్యారు. 2020లో వచ్చిన ఎం1 మ్యాక్‌బుక్ ఎయిర్‌కి బయట ఒక్క మానిటరే తగిలించుకునే వీలు. 2024లో ఎం3తో రెండు పెట్టుకోనిచ్చారు గానీ లాప్‌టాప్ మూత వేస్తేనే. మూత తీసి ఉండగా రెండు రావాలంటే 2025లో ఎం4 దాకా ఆగాల్సి వచ్చింది. కాబట్టి పిల్లలకి లాప్‌టాప్ కొనేటప్పుడు ఎన్ని తెరలకి ఒప్పుకుంటుందో ముందే అడగండి.

ఆ ముహూర్తం తప్పు తర్వాత నేను ఇచ్చిన ఏ కార్డూ వెనక్కి రాలేదు. మొన్న శ్రావణానికి షాపాయన ఫోన్ చేసి, "ఇది మా అమ్మాయి స్నేహితురాలి కార్డు, మీరే చేయాలి" అన్నాడు. ఎడమ పక్క కాగితం పెట్టుకుని ముహూర్తాన్ని మూడుసార్లు సరిచూసుకున్నాను. కుక్కర్ కూతలు వేస్తూనే ఉంది. వేయనీ అనుకున్నాను.