చెవిలో రాక్, జేబులో రెండు వేలు

ఈద్ గడిచిన వారానికి మా విడవలూరు వైపు పిల్లల నుంచి నాకు ఒకే సవాల్ వస్తుంటుంది. "మామూ, ఈదీ రెండు వేలు జమైంది. రాక్ వినేదానికి ఏ హెడ్‌ఫోన్ కొనేది?" వాళ్ల అబ్బాలు అడిగేది వేరే. "ఆ షోర్ వినేదానికి రెండు వేలు తగలెయ్యాలా?" రెండూ వాజిబైన మాటలే. రెండింటికీ జవాబు హెడ్‌ఫోన్ తవారీఖ్‌లోనే దొరుకుతుంది. సంగీతం జాయెజా కాదా అన్న బహస్ ఉలమాలకు వదిలేస్తున్నా. పిల్లల చెవుల్లో ఎలాగూ ఏదో ఒకటి ఉంది. అది మంచిదై ఉండాలన్నదే నా గరజ్.

మన పెద్దల జమానాలో వినడమంటే నలుగురితో కలిసి వినడం. టీ దుకాణంలో ఒక రేడియో, చుట్టూ పదిమంది. 1952 నుంచి రేడియో సిలోన్‌లో అమీన్ సయానీ గొంతు "బినాకా గీత్‌మాలా" వినిపించేది. నేను ఉర్దూ మీడియంలో అలిఫ్, బే నేర్చుకునే రోజుల్లో మా ఇంట్లో అందరూ ఆయన తలఫ్ఫుజ్‌నే మిసాల్‌గా చెప్పేవారు. చెవికి తగిలించుకుని ఒంటరిగా వినే వస్తువు ఒకటి ఉంటుందని అప్పట్లో ఎవరికీ ఖయాల్ లేదు.

ఆ వస్తువు మాత్రం అప్పటికే ఉంది. అమెరికాలోని యూటా రాష్ట్రంలో నథానియల్ బాల్డ్విన్ అనే మనిషి తన వంటింట్లో హెడ్‌ఫోన్లు తయారుచేసి, 1910లో అమెరికా నౌకాదళానికి పంపాడు. వాళ్లకు నచ్చి ఆర్డర్లు ఇచ్చారు. 1937లో జర్మనీలో బేయర్ కంపెనీ "డీటీ 48" తెచ్చింది. ఇవన్నీ వైర్‌లెస్ ఆపరేటర్ల కోసం, ఇంజినీర్ల కోసం. పాటతో వీటికి పెద్దగా తాలూఖ్ లేదు.

పాటతో నికాహ్ కుదిరింది 1958లో. అమెరికాలో మిల్వాకీ నగరానికి చెందిన జాన్ కాస్, ఒక హై-ఫై ప్రదర్శనలో తన కొత్త పోర్టబుల్ గ్రామఫోన్‌ను అమ్ముకుందామని వెళ్లాడు. దాంతో పాటు, స్టీరియో ఎలా ఉంటుందో చూపించడానికి, చిన్న స్పీకర్లు అమర్చిన ఒక హెడ్‌ఫోన్ పెట్టాడు. జనం గ్రామఫోన్‌ను వదిలేసి హెడ్‌ఫోన్ చుట్టూ మూగారు. "ఎస్‌పీ/3" అన్న ఆ వస్తువుతోనే కాస్ కంపెనీ నిలబడింది. పెద్ద స్పీకర్లు కొనలేని వాడికి, కొన్నా ఇరుగుపొరుగుకు తక్లీఫ్ ఇవ్వకూడదనుకునే వాడికి తక్కువ ఖర్చులో స్టీరియో దక్కింది. హెడ్‌ఫోన్ పుట్టుకలోనే కిఫాయత్ ఉంది.

రాక్ పెరిగిందీ ఆ రోజుల్లోనే. 1966లో కాస్ కంపెనీ బీటిల్స్ పేరుతో "బీటిల్‌ఫోన్స్" కూడా అమ్మింది. 1973లో పింక్ ఫ్లాయిడ్ "డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్" వచ్చింది. 1975లో క్వీన్ బృందం "బొహీమియన్ రాప్సొడీ" వచ్చింది. ఈ రెండో దాని గురించి కాస్త ఆగి చెప్పాలి. పాడిన ఫ్రెడ్డీ మెర్క్యురీ అసలు పేరు ఫర్రోఖ్ బుల్సారా. 1946లో జాంజిబార్‌లో ఒక పార్సీ ఇంట్లో పుట్టాడు. చదివింది మన మహారాష్ట్రలోని పంచగని బోర్డింగ్ స్కూల్లో. మొదటి బ్యాండ్ కట్టిందీ అక్కడే. ఈ పాట మధ్యలో "బిస్మిల్లాహ్" అన్న లఫ్జ్ పదేపదే వస్తుంది. రాక్ అంటే మనకు సంబంధం లేని గోల అనుకునే అబ్బాలకు ఈ మాట చెబితే ఒక్క నిమిషం ఖామోష్ అవుతారు. ఆ భాగంలో గొంతు మీద గొంతు పొరలు పొరలుగా రికార్డు చేసి, కొన్నిటిని ఎడమ చెవికి, కొన్నిటిని కుడి చెవికి పంచారు. గదిలో ఓ మూల పెట్టిన రేడియోలో ఆ హునర్ అంతా ఒకే ముద్దగా వినిపిస్తుంది. హెడ్‌ఫోన్‌లో వింటే గొంతులు తల చుట్టూ తిరుగుతాయి.

సస్తా వస్తువు మంచిదై ఉండగలదని రుజువు చేసింది 1968లో జర్మనీలో సెన్‌హైజర్ తెచ్చిన "హెచ్‌డీ 414". అప్పటిదాకా హెడ్‌ఫోన్లు డబ్బాల్లా బరువుగా ఉండేవి, చెవిని పూర్తిగా మూసేసేవి. ఇది తేలికైన ప్లాస్టిక్, పైన పసుపు ఫోమ్, వెనక తెరిచిన జాలీ. గాలి ఆడుతుంది, ఆవాజ్ సాఫ్‌గా వస్తుంది. ఆ నమూనా కోటికి పైగా అమ్ముడైంది. నా రాయ్ అడిగితే, సామాన్యుడి చెవికి ఇజ్జత్ ఇచ్చిన మొదటి హెడ్‌ఫోన్ అదే. దాని రెసిస్టెన్స్ మాత్రం రెండు వేల ఓములు, అంటే ఇవాళ మన ఫోన్‌కు పెడితే సన్నగా గుసగుసలాడుతుంది. ఈ ఓముల సంగతి కింద మళ్లీ వస్తుంది.

1979 జులై 1న జపాన్‌లో సోనీ వాక్‌మన్ వచ్చింది. ఖరీదు 33,000 యెన్లు. నాకు ఇష్టమైన విషయం దాని జాక్‌ది. ఆ మొదటి వాక్‌మన్‌కు హెడ్‌ఫోన్ రంధ్రాలు రెండు! పక్కన మనిషిని పెట్టుకుని ఒక్కడే వినడం బే-అదబ్ అవుతుందేమోనని సోనీ అధిపతి అకియో మొరితా సంకోచించాడు. అందుకే ఇద్దరు వినేలా రెండు జాకులు, వింటూనే మాట్లాడుకోవడానికి ఒక నారింజ రంగు బటన్ పెట్టించాడు. జనం మాత్రం ఒక్కొక్కరే విన్నారు. తర్వాతి నమూనాల్లో ఆ బటన్ పోయింది. పిల్లవాడు చెవిలో పెట్టుకుని దస్తర్‌ఖాన్ దగ్గర కూర్చుంటే అమ్మీకి వచ్చే గుస్సా, మొరితాకు ముందే తెలిసిందన్నమాట.

ఆ వాక్‌మన్ మన కోస్తాకు మద్రాసు, గల్ఫ్ దారుల్లో వచ్చింది. 1991కి ముందు విదేశీ ఎలక్ట్రానిక్స్ మీద కస్టమ్స్ సుంకం దండిగా ఉండేది. మద్రాసులో బర్మా బజార్ ఉండేది, బర్మా నుంచి తిరిగొచ్చిన వాళ్ల కోసం 1969లో పెట్టిన అంగళ్లు. అక్కడ బేరం చేయగలిగితే అసలుది, లేకపోతే నక్లీ. ఇంకో దారి, సౌదీ, కువైట్, దుబాయ్ వెళ్లిన మన వాళ్ల సందూక్. అత్తరు, ఖజూర్, జానమాజ్, టూ-ఇన్-వన్, అన్నిటి మధ్య చొక్కాలో చుట్టిన వాక్‌మన్. మా మామూజాన్ తెచ్చినదానికి నారింజ ఫోమ్ ఉన్న చిన్న హెడ్‌ఫోన్ ఉండేది. అది ఇంట్లో ఒక్కొక్కరికి ఒక్కో పాట చొప్పున వంతులవారీగా తిరిగేది. 1990 ఆగస్టులో ఇరాక్ సేన కువైట్‌లో దిగాక, అక్కడి నుంచి సుమారు 1,70,000 మంది భారతీయులను విమానాల్లో తీసుకొచ్చారు. వాళ్లలో ఎంతోమంది సందూక్‌లు అక్కడే ఉండిపోయాయి.

ఆ తర్వాత రెండేళ్లకు, 1992లో, "రోజా" వచ్చింది. సంగీతం ఏ.ఆర్. రెహమాన్. సినిమాలకు రాకముందు ఆయన మద్రాసులో "నెమెసిస్ అవెన్యూ" అనే రాక్ బృందంలో ఉన్నాడు. నెల్లూరు కుర్రాళ్లు రాక్ అన్న లఫ్జ్ తెలియకుండానే రాక్ వినడం మొదలుపెట్టింది ఆయన క్యాసెట్లతోనే అని నా నమ్మకం. ఆయన పాటలు ఎన్నిటికో బేస్ గిటార్ వాయించిన కీత్ పీటర్స్ వేళ్లు టూ-ఇన్-వన్‌లో దొరికేవి కావు. వాక్‌మన్ హెడ్‌ఫోన్‌లో మాత్రం, గాయకుడి గొంతు కింద ఇంకో మనిషి నడుస్తున్నట్టు వినిపించేది.

1997లో పాకిస్తానీ బృందం జునూన్ పాడిన "సయోనీ" టీవీ చానెళ్ల ద్వారా మన దేశమంతా పాకింది. ఒక చేతిలో ఎలక్ట్రిక్ గిటార్, ఇంకో పక్క సూఫీ షాయిరీ. ఏఎస్ పేట దర్గాలో, కసుమూరులో ఖవ్వాలీ విన్న చెవికి అది పరాయిగా అనిపించలేదు. ఖవ్వాలీలో హార్మోనియం, తబలా, చప్పట్లు కలిసి పైకి లేచే ఘడియ ఎలా ఉంటుందో, రాక్‌లో డ్రమ్స్, బేస్, గిటార్ కలిసి లేచే ఘడియ అట్టాగే ఉంటుంది.

ఇక కొనే సంగతి. అబ్బాలు చెప్పే "షోర్" చాలామటుకు పాటలో ఉండదు, నాసిరకం హెడ్‌ఫోన్‌లో ఉంటుంది. ఎందుకో లెక్క చూడండి. బేస్ గిటార్ అడుగు తీగ సుమారు 41 హెర్ట్జ్. మామూలు గిటార్ అడుగు తీగ 82. గిటార్ ఆంప్లిఫయర్ స్పీకర్ 5,000 హెర్ట్జ్ దాటాక దాదాపు చేతులెత్తేస్తుంది. అంటే రాక్‌కు జాన్ అంతా ఈ మధ్య భాగంలోనే ఉంది. మనిషి గొంతు ఉండేదీ ఇక్కడే. అట్ట మీద "ఎక్స్‌ట్రా బేస్" అని రాసి అమ్మేవి అడుగు శబ్దాన్ని ఉబ్బిస్తాయి. ఆ ఉబ్బు గిటార్ మీద, గొంతు మీద దుప్పటి కప్పినట్టు పడుతుంది. లఫ్జ్ అర్థం కాదు. అర్థం కాలేదని పిల్లవాడు వాల్యూమ్ పెంచుతాడు. అదీ షోర్.

ఎక్కువ ఖరీదు పెడితే ఇది తప్పుతుందా? ఖచ్చితంగా తప్పుతుందని లేదు. 2017లో యెరూన్ బ్రేబార్ట్ అనే పరిశోధకుడు 283 హెడ్‌ఫోన్లను కొలిచి చూశాడు. ధరకూ ఆవాజ్ తీరుకూ సంబంధం కనిపించలేదు. డబ్బు చాలాసార్లు పేరుకు, డబ్బాకు, బ్యాటరీకి పోతుంది. రెండు వేల బడ్జెట్‌లో బ్లూటూత్ కొంటే చిప్‌కూ, బ్యాటరీకీ, చార్జింగ్ డబ్బీకీ పోగా చెవి దాకా వచ్చే రూపాయలు తక్కువ. ఆ బ్యాటరీ రెండు మూడేళ్లకు డీలా పడుతుంది. వైరుది తీసుకోండి. ఫోన్‌కు రంధ్రం లేకపోతే టైప్-సి నుంచి జాక్‌కు మార్చే చిన్న అడాప్టర్ కొన్ని వందల్లో దొరుకుతుంది.

ఆ ధరలో నేను చెప్పేది చెవిలోకి దిగే వైరు ఇయర్‌ఫోన్. దానికి తండ్రి కూడా రాక్ స్టేజే. 1990లలో వాన్ హాలెన్ బృందం సౌండ్ ఇంజినీర్ జెర్రీ హార్వీ, స్టేజి మీది మోతలో సంగీతం సరిగ్గా వినపడని ఇబ్బంది తీర్చడానికి, డ్రమ్మర్ అలెక్స్ వాన్ హాలెన్ కోసం చెవిలో ఇమిడే మానిటర్లు చేశాడు. "అల్టిమేట్ ఇయర్స్" కంపెనీ అట్టా పుట్టింది. వేల డాలర్ల ఆ హునర్‌ను ఇప్పుడు కేజెడ్, మూన్‌డ్రాప్ లాంటి చైనా కంపెనీలు రెండు వేల లోపుకు దించాయి. మాషా అల్లాహ్, మన జమానాలో సస్తా అయిన వస్తువులు కొన్నైనా ఉన్నాయి. ఓములు 16 నుంచి 64 మధ్య ఉంటే ఫోన్ తేలిగ్గా లాగుతుంది. డబ్బాలో వచ్చే మూడు సైజుల రబ్బరు టిప్పులూ పెట్టి చూడాలి. టిప్పు సరిగ్గా బిగియకపోతే బేస్ మొత్తం బయటికి కారిపోతుంది. వస్తువు బాగాలేదని తిట్టుకునే వాళ్లలో చాలామంది టిప్పు మార్చి చూడని వాళ్లే.

చెవిలో దూర్చడం పడని వాళ్లకు కాస్ "పోర్టా ప్రో" ఉంది. 1984లో వచ్చిన నమూనా, ఇప్పటికీ అదే రూపంలో అమ్ముతున్నారు. బడ్జెట్ కొంచెం దాటుతుంది. నలభై ఏళ్లు బజారులో నిలబడిన వస్తువుకు ఇంకో సిఫారిష్ అక్కర్లేదు. అయితే దానికి నాలుగు పక్కలా ఖాళీలే, బయటి మోత లోపలికి వస్తుంది. రొయ్యల గుంటల దగ్గర రాత్రి కాపలా ఉండే పిల్లలు దాన్ని తీసుకోవద్దు. ఏరేటర్లు, జనరేటర్ మోతను దాటడానికి వాల్యూమ్ పెంచుతూ పోతారు. వాళ్లకు చెవిని మూసే ఇయర్‌ఫోనే మేలు. మోత తగ్గితే తక్కువ వాల్యూమ్‌లోనే పాట నిండుగా ఉంటుంది. అయితే గుంటలో మోటారు ఆగినా, ఎవరైనా పిలిచినా తెలియదు కాబట్టి ఒక చెవి ఖాళీగా ఉంచుకోవాలి. బండి మీద ఉన్నప్పుడైతే రెండు చెవులూ.

అంగట్లో చూసేటప్పుడు తెలియని ఇంగ్లీషు పాట పెట్టకండి. మన నెల్లూరు బాలు పాట పెట్టండి. ఆయన గొంతు ఎలా ఉంటుందో మీ చెవికి చిన్నప్పటి నుంచి తెలుసు. అది ముక్కుతో పాడినట్టో, గోతిలోంచి వచ్చినట్టో ఉంటే ఆ హెడ్‌ఫోన్ పక్కన పెట్టేయండి. బాలు బాలులాగే వినిపిస్తే, అప్పుడు "బొహీమియన్ రాప్సొడీ" పెట్టి గొంతులు విడివిడిగా తెలుస్తున్నాయో లేదో చూడండి.

వాల్యూమ్ సంగతి అమ్మీలు కూడా వినాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన హద్దు, పెద్దలకు 80 డెసిబెల్స్‌లో వారానికి 40 గంటలు. పిల్లలకు 75. ప్రతి మూడు డెసిబెల్స్ పెరిగిన కొద్దీ వ్యవధి సగమవుతుంది. 83కి 20 గంటలు, 86కి పది. 90కి చేరితే వారం మొత్తానికి నాలుగు గంటలే. "ద హూ" బృందం గిటారిస్ట్ పీట్ టౌన్‌షెండ్ తన వినికిడి దెబ్బతినడానికి స్టూడియోలో వాడిన హెడ్‌ఫోన్లే కారణమని 2006లో చెప్పాడు. స్టేజి మోతను అనలేదు ఆయన. ఫోన్ సెట్టింగుల్లో వాల్యూమ్ హద్దు పెట్టే వీలుంటే పిల్లవాడి ముందే, వాడికి చెప్పి పెట్టండి. చాటుగా పెడితే వాడు చాటుగానే తీసేస్తాడు.

చివరగా మన ఉప్పుగాలి. రామతీర్థం వైపు ఇళ్లలో కిటికీ చువ్వలే తుప్పు పడతాయి, జాక్ ఎంత! వాడాక చెమట తుడిచి, మూత గట్టిగా ఉన్న డబ్బాలో పెట్టాలి. డబ్బాలోకి చెప్పుల పెట్టెల్లో వచ్చే సిలికా పొట్లం ఒకటి వేయండి. రెక్సిన్ ప్యాడ్లు ఉన్నవి కొంటే మన చెమటకు ఊడొస్తాయి. నల్ల పొలుసులు చెవులకు అంటుకుంటాయి. ఫోమ్ ప్యాడ్లు, రబ్బరు టిప్పులు విడిగా దొరుకుతాయి, కొనేటప్పుడే రెండు జతలు ఎక్కువ తీసుకోండి. వైరు ఊడదీసి మార్చుకునే నమూనా అయితే ఇంకా నయం. ముందుగా తెగేది ఎప్పుడూ జాక్ దగ్గరి వైరే.