నెమలికీ కాలి ముల్లు ఉంటుంది.. కానీ దాని అసలు బలం అది కాదు!

నెల్లూరు జిల్లా పశ్చిమాన ఉదయగిరి, ఆత్మకూరు వైపు వెళ్తే కొండల అంచున, మెట్ట చేలల్లో నెమళ్లు కనిపిస్తాయి. కనిపిస్తే చాలు, ఫోన్ బయటకు తీస్తాం. పురి విప్పిందంటే ఇక వీడియో పండగే. మరి ఈ పక్షి అడవిలో ప్రాణం ఎలా కాపాడుకుంటుంది?

మగ నెమలి కాలి వెనుక కోడిపుంజుకు ఉన్నట్టే గట్టి ముల్లు ఉంటుంది. జతకట్టే కాలంలో మగవి రెండు తలపడితే ఎగిరి దాంతోనే తన్నుకుంటాయి. మూలకు నెట్టేస్తే మనిషినైనా గీరేస్తాయి. కానీ నక్కో, ఊరకుక్కో వస్తే మాత్రం ఆ ముల్లును నమ్ముకోవు. ముందు పొదల్లోకి పరుగు.. తప్పదనుకుంటేనే ఎగరడం.

అసలు బలం చూపు, అరుపు. గుంపుగా మేస్తున్నప్పుడు ఏదో ఒకటి తలెత్తి చూస్తూనే ఉంటుంది. అనుమానం వస్తే క్రేంకారం మొదలు. ఆ అరుపుకు జింకలూ చెవులు రిక్కిస్తాయి. చిరుత జాడ కోసం అడవి తెలిసినవాళ్లు వినేదీ దాన్నే. పొద్దుగూకితే ఎత్తైన చెట్టెక్కి కొమ్మ మీదే నిద్ర. అంత పొడవాటి పింఛంతోనూ మగ నెమలి పైకి ఎగరగలదు. జతకట్టే కాలం అయ్యాక ఆ ఈకలు ఎలాగూ రాలిపోయి కొత్తవి వస్తాయి.

చిక్కంతా గూడు దగ్గరే. ఆడ నెమలి పొదల చాటున నేల మీదే సాధారణంగా 4 నుంచి 6 గుడ్లు పెడుతుంది. సుమారు 28 రోజులు ఒక్కతే పొదుగుతుంది. మగది అటువైపే రాదు. మట్టిరంగు ఈకలతో కదలకుండా కూర్చోవడమే అప్పుడు దానికున్న రక్ష. వీడియో కోసమని దగ్గరికెళ్లి లేపామా.. గుడ్లు కాకులకో, కుక్కలకో దొరికినట్టే.

వేరుశనగ విత్తిన చేలో గింజలు తవ్వుకు తింటాయని రైతులకు కోపం. ఆ నష్టం నిజమే. పురుగుల్నీ, చిన్న పాముల్నీ తినేది కూడా ఇవే. కోపంతో మందు కలిపిన గింజలు చల్లితే మాత్రం కేసే. 1963 నుంచి నెమలి మన జాతీయ పక్షి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉంది. చంపితే 3 నుంచి 7 ఏళ్ల జైలు, జరిమానా.

పల్లెల్లో కొందరు నెమలి గుడ్లు తెచ్చి కోడి కింద పొదిగిస్తుంటారు. చట్టం దృష్టిలో అదీ వేటే. చేలో గుడ్లు కనబడితే ముట్టుకోకుండా అటవీ సిబ్బందికి ఫోన్ చేయండి.