బర్రెలు కాసే చదువు

"చదువుకోకపోతే బర్రెలు కాసుకుంటావ్!"

ఈ మాట పడకుండా పెరిగిన తెలుగు పిల్లలు తక్కువే ఉంటారు. మా ఇంట్లో యూనిట్ టెస్ట్ మార్కులొచ్చిన ప్రతిసారీ వినపడేది. అనేది మా నాన్న. ఆయన చిన్నప్పుడు నిజంగానే బర్రెలు కాశాడు. తర్వాత అరక కట్టాడు, అప్పు తెచ్చి పత్తి పెట్టాడు, రెండేళ్ళు వరసగా దెబ్బతిన్నాడు. అందుకే ఆ మాటలో వెక్కిరింత కంటే భయమే ఎక్కువ. నా ఇంజనీరింగ్ ఫీజుల కోసం ఉన్న మూడెకరాల్లో ఒక ఎకరం అమ్మాడు. నేను చదువుకున్నాను, బర్రెలు కాయలేదు. పదేళ్ళుగా గచ్చిబౌలిలో కోడ్ రాసుకుంటున్నాను.

ఆ మాటని ఎప్పుడూ అనుమానించలేదు. చదువు ఒక దారి, పొలం ఇంకో దారి, మొదటిది తప్పినవాడికి రెండోది. అంతే కదా అనుకున్నాను. బర్రెలు కాసే పిల్లల కోసమే ఒక బడి పెట్టారని, అందులో పొలంపని కూడా పాఠమేనని తెలిసినప్పుడు మాత్రం కాస్త తడబడ్డాను. ఆ బడి పేరు పచ్చసాలె. ఊరు మాచ్‌నూర్. జహీరాబాద్ దగ్గర, ఒకప్పటి మెదక్ జిల్లా, ఇప్పుడు సంగారెడ్డి. ఈ వ్యాసం ఆ బడి గురించీ, దానికి ముందూ వెనకా నడిచిన కథ గురించీ.

*

హైదరాబాద్ నుంచి జహీరాబాద్‌కి ముంబై హైవే మీద సుమారు వంద కిలోమీటర్లు. దారిలో పటాన్‌చెరు దగ్గర ఇక్రిశాట్ వస్తుంది. 1972లో స్థాపించిన ఈ అంతర్జాతీయ పరిశోధనా సంస్థ జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగ లాంటి మెట్ట పంటల మీద పనిచేస్తుంది. దాని జీన్ బ్యాంకులో లక్షకు పైగా విత్తన నమూనాలున్నాయి, చలిగదుల్లో, లేబుళ్ళతో, జాగ్రత్తగా. మా భాషలో చెప్పాలంటే అదొక బ్యాకప్. ఊళ్ళల్లో ఒక రకం మాయమైపోయినా ఇక్కడ దాని కాపీ ఒకటి ఉంటుంది.

అదే రోడ్డు మీద ఇంకో గంటన్నర పోతే జహీరాబాద్ పల్లెలు. అక్కడ డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ (డీడీఎస్) మహిళా సంఘాల సభ్యుల ఇళ్ళల్లో కూడా విత్తనాలు దాస్తారు. వెదురు బుట్టలకి మట్టీ పేడా మెత్తి, లోపల బూడిద, వేపాకు కలిపి, పైన మట్టితోనే మూసేస్తారు. ఇక్కడ ఫ్రీజర్ లేదు కాబట్టి విత్తనం ఎక్కువ ఏళ్ళు ఆగదు. ఏటా తీసి విత్తాలి, మళ్ళీ పండించి, మళ్ళీ దాయాలి. పక్కింటామెకి లేకపోతే అప్పుగా ఇవ్వాలి. ఆమె పంట చేతికొచ్చాక తీసుకున్నదానికంటే ఎక్కువ కొలిచి తిరిగిస్తుంది. ఇది బ్యాకప్ కాదు, నడుస్తున్న సిస్టమ్. ఒక్క ఏడాది ఎవరూ విత్తకపోతే ఆ ఇంట్లో ఆ రకం కథ సగం అయిపోయినట్టే.

విత్తనం ఒక్కటే కాదు, దాన్ని ఎప్పుడు విత్తాలి, దేని పక్కన విత్తాలి అనే తెలివి కూడా అంతే. దాన్ని ఏ చలిగదిలోనూ దాయలేం. పిల్లలకి నేర్పాల్సిందే. పచ్చసాలె ఎందుకు అవసరమైందో ఇక్కడే అర్థమవుతుంది.

*

కథ 1983లో మొదలవుతుంది. ఆ ఏడాది జనవరిలో ఎన్టీఆర్ ముఖ్యమంత్రి అయ్యాడు, కిలో రెండు రూపాయల బియ్యం తెలుగు రాజకీయాల్నే మార్చేసింది. అదే ఏడాది డీడీఎస్ కూడా పుట్టింది. దాన్ని మొదలుపెట్టినవాళ్ళలో ముఖ్యుడు పి.వి. సతీశ్. మైసూర్ మనిషి, వృత్తి రీత్యా టీవీ ప్రొడ్యూసర్. 1975-76లో ఉపగ్రహం ద్వారా పల్లెలకి టీవీ కార్యక్రమాలు పంపిన 'సైట్' ప్రయోగంలో పనిచేశాడు. 

రెండు రూపాయల బియ్యాన్ని తిట్టడం కడుపు నిండినవాళ్ళకి తేలిక. ఆ బియ్యం కోట్లమంది ఆకలి తీర్చింది, అది నిజం. కానీ మెట్ట ప్రాంతంలో దానికి ఇంకో ముఖం కూడా ఉంది. రేషన్ షాపులో బియ్యం ఉంటుంది, జొన్న ఉండదు. జొన్న పండించినా ధర రాదు. వరి పండని నేలల్లో జొన్నా కొర్రా వేయడం మానేస్తే ఆ నేల బీడు పడుతుంది. జొన్నరొట్టె బీదరికానికి గుర్తయింది, తెల్లన్నం హోదా అయింది. దాంతో ఆ పంటల గురించి తెలిసినవాళ్ళు కూడా ఏమీ తెలియనివాళ్ళ కిందే లెక్కయ్యారు.

ఆ తెలిసినవాళ్ళు ఎవరు? ఎక్కువమంది దళిత మహిళలు, బడి ముఖం చూడనివాళ్ళు. ఒకే చేలో పదీ పన్నెండు పంటలు కలిపి వేయడం వాళ్ళకి మామూలు సంగతి. జొన్నతోపాటు కంది, మధ్యలో అనుములు, బొబ్బర్లు, పెసర, గట్టు మీద ఇంకేదో. జొన్న ముందు చేతికొస్తుంది, లోతుగా వేరు పోయే కంది ఆలస్యంగా కోతకొస్తుంది. వాన ముందే ఆగిపోతే ఒకటి పోతుంది, రెండోది నిలబడుతుంది. పప్పుజాతి మొక్కలు నేలకి బలం ఇస్తాయి, జొన్న చొప్ప పశువులకి మేత. వీటి మధ్య ఎవరూ విత్తకుండానే గునుగు, తుమ్మి, పొనగంటి, గంగవాయిలు మొలుస్తాయి. వ్యవసాయ శాస్త్రం కలుపు అనేదాన్ని వీళ్ళు కూర అంటారు. నల్లరేగడిలో చలికాలం మంచుకే పండే పంటలకి వాళ్ళు పెట్టుకున్న పేరు 'సత్యం పంటలు'. నీళ్ళు పెట్టకుండా, ఎరువులు వేయకుండా, కేవలం భూమి సత్యం మీద పండేవి అని. ఈ పేరు విన్నప్పుడు ఏ కవి పెట్టాడో అనుకున్నాను. 

*

1990ల మొదట్లో మాచ్‌నూర్‌లో పచ్చసాలె మొదలైంది. కూలికి పోయే పిల్లలు, పశువులు కాసే పిల్లలు, బడి మధ్యలో మానేసినవాళ్ళు అందులో చేరారు. మామూలు పాఠాలతోపాటు వ్యవసాయం, వడ్రంగం, కుండలు చేయడం, కుట్టుపని, పుస్తకాల బైండింగ్, మూలికా వైద్యం నేర్పారు. 

ఇదంతా మా నాన్నకి ఫోన్లో ఉత్సాహంగా చెప్పాను. ఆయన విని, "బాగానే ఉంది. ఆ పిల్లలకి భూమి ఉందా?" అన్నాడు.

నాకు చటుక్కున సమాధానం తోచలేదు. కానీ అసలు అడగాల్సిన ప్రశ్న అదే. చేతిపనితో చదువు అనే ఆలోచనకి మన దేశంలో పాత చరిత్ర ఉంది, మచ్చలు కూడా ఉన్నాయి. 1937లో వార్ధా సమావేశంలో గాంధీ ప్రతిపాదించిన 'నయీ తాలీం' వృత్తి చుట్టూ చదువు నడవాలంది. 1953లో మద్రాసు ముఖ్యమంత్రిగా రాజాజీ పల్లెబడుల్లో పూట చదువు కుదించి, మిగతా సమయం పిల్లలు తల్లిదండ్రుల పని నేర్చుకోవాలన్నాడు. పెరియార్ దానికి 'కులకల్వి' అని పేరు పెట్టాడు, అంటే కులవిద్య. చాకలి కొడుకు చాకలే కావాలా అని ద్రవిడ ఉద్యమం భగ్గుమంది. 1954లో రాజాజీ దిగిపోయాడు, తర్వాత వచ్చిన కామరాజ్ ఆ పథకాన్ని ఎత్తేశాడు. ఆ పథకం వచ్చేనాటికి ఆంధ్ర రాష్ట్రం ఇంకా విడిపోలేదు, కాబట్టి ఇది పొరుగువాళ్ళ గొడవ అనుకోవడానికి కూడా లేదు.

మరి దళిత పిల్లలకి పొలంపని నేర్పే బడి కులకల్వికి తేడా ఏమిటి? తరతరాలుగా ఇంకొకరి పొలంలో వంగినవాళ్ళ పిల్లల్ని మళ్ళీ పొలంలోనే వంచుతున్నారా? ఈ ప్రశ్నని దాటేసి పచ్చసాలెని మెచ్చుకుంటే అది నగరం మనిషి ముచ్చట మాత్రమే అవుతుంది.

నాకు కనపడిన తేడాలు రెండు. ఒకటి, అక్కడ పిల్లవాడు కుమ్మరి కొడుకని కుండ చేయడు. వ్యవసాయం చేసిన చేతులే కర్ర చెక్కుతాయి, పుస్తకం కుడతాయి. పనికీ పుట్టుకకీ ఉన్న ముడి అక్కడ వదులవుతుంది. మామూలు చదువు కూడా తగ్గించలేదు, పక్కనే పెట్టారు.

రెండోది మా నాన్న అడిగింది. భూమి. డీడీఎస్ కథలో బడి మొదట రాలేదు, భూమి మొదట వచ్చింది. ఆ ప్రాంతంలో చాలా దళిత కుటుంబాలకి ఎకరమో రెండెకరాలో ఉన్నా, అది ఎర్రరాతి నేల. కాగితం మీద రైతు, బతుకులో కూలీ. 1980ల నుంచీ సంఘాల ఆడవాళ్ళు కలిసి భూములు కౌలుకి తీసుకున్నారు, బీళ్ళు బాగుచేసుకున్నారు. 1990ల మధ్యలో రెండున్నర వేల ఎకరాలకు పైగా బీడు సాగులోకి తెచ్చారు. సాగుకి తీసుకున్న అప్పుని డబ్బుగా కాకుండా కొన్నేళ్ళపాటు జొన్నలుగా తీర్చారు. ఆ జొన్నలు ఊరిలోనే నిలవచేసి, ఊరిలో అందరికంటే బీదవాళ్ళకి తక్కువ ధరకి ఇచ్చారు. ఎవరు బీదవాళ్ళో తేల్చింది కూడా ఆ ఊరి ఆడవాళ్ళే. రెండు రూపాయల బియ్యానికి ఇదొక జవాబు. సర్కారు రేషన్ షాపు బయట పండిన బియ్యం తెచ్చి ఊరికి ఇస్తే, వీళ్ళ షాపు ఊరి పంటని ఊరికే పెట్టింది.

పొలంపాఠం ఇంకొకరి పొలం కోసమైతే అది కూలికి శిక్షణ. తన పొలం కోసమైతే చదువు. 

*

భూమి తర్వాత వచ్చింది మాట. అక్షరం రాని మహిళలు వీడియో కెమెరా పట్టడం నేర్చుకున్నారు. వరంగల్ రైతులు బీటీ పత్తి మీద ఎందుకు కోపంగా ఉన్నారో చెప్పే చిత్రం 2003లో వాళ్ళు తీసిందే. 1990ల చివర్లో మాచ్‌నూర్‌లో రేడియో స్టూడియో కట్టుకున్నారు గానీ లైసెన్స్ రాలేదు. దాదాపు పదేళ్ళు కార్యక్రమాలు క్యాసెట్ల మీద రికార్డు చేసి సంఘాల్లో వినిపించుకున్నారు. చివరికి 2008 అక్టోబర్ 15న 'సంఘం రేడియో' 90.4 ఎఫ్ఎమ్ మీద పలికింది. నడిపినవాళ్ళు నర్సమ్మ అనే పేరున్న ఇద్దరు మహిళలు, ఒకరు జనరల్ నర్సమ్మ, ఇంకొకరు అల్గోల్ నర్సమ్మ. ఏటా సంక్రాంతికి మొదలై దాదాపు నెలరోజులు సాగే 'పాత పంటల జాతర'లో ఎడ్లబండ్ల మీద విత్తనాలు ఊరూరా తిరుగుతాయి. 

ఇదే నేల మీద ఇంకో పాయ కూడా ఉంది. 1987లో ఆస్ట్రేలియా నుంచి బిల్ మాలిసన్ వచ్చి ఇండియాలో పర్మాకల్చర్ పాఠాలు చెప్పినప్పుడు దాన్ని అందిపుచ్చుకున్నవాడు డీడీఎస్‌లోని డాక్టర్ వెంకట్. ఆయన దగ్గర పని నేర్చుకున్న కొప్పుల నర్సన్న, పద్మ కలిసి 1999లో 'అరణ్య' అనే లాభాపేక్ష లేని సంస్థ పెట్టారు. జహీరాబాద్ దగ్గర బిడకన్నెలో వాళ్ళ పొలం ఉంది. 2017లో అంతర్జాతీయ పర్మాకల్చర్ సమావేశం హైదరాబాద్‌లోనూ ఆ పొలంలోనూ జరిగింది. నా స్నేహితులు కొంతమంది సెలవు పెట్టి, ఫీజు కట్టి ఇలాంటి కోర్సులకి పోయొచ్చారు. వాన నీటిని ఆపే కందకాలు, ఎత్తు చెట్టు కింద పొట్టి చెట్టు, దాని కింద తీగ. తిరిగొచ్చి కళ్ళు పెద్దవి చేసుకుని చెప్తుంటే విన్నాను. 

వాళ్ళని తక్కువ చేయడం లేదు, అది మంచి చదువే. కానీ ఒక పిల్లవాడికి తిట్టుగా వేసిన పనినే ఇంకొకడు ఫీజు కట్టి నేర్చుకుంటున్నాడు. మాకు పొలం ఒక ఎంపిక. నచ్చకపోతే సోమవారం లాగిన్ అవుతాం. మాచ్‌నూర్ పిల్లలకి కావలసింది కూడా సరిగ్గా ఈ ఎంపికే. ఉండాలనుకుంటే ఉండగలగాలి, పోవాలనుకుంటే పోగలగాలి. పచ్చసాలెలో మామూలు పాఠాలూ పొలంపాఠాలూ పక్కపక్కన ఉండటాన్ని నేను అలాగే చదువుకుంటున్నాను.

*

2019లో డీడీఎస్ సంఘాలకి ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ ప్రైజ్ వచ్చింది. 2023ని ప్రపంచమంతా చిరుధాన్యాల సంవత్సరంగా జరుపుకుంది. ఆ ఏడాదే మార్చి 19న సతీశ్ చనిపోయాడు. ఇప్పుడు మా అపార్ట్‌మెంట్ కింద సూపర్‌మార్కెట్లో కొర్రలకి ప్రత్యేకంగా ఒక అర ఉంది. ధర చూస్తే కొర్రలు పండించినవాళ్ళు కొనుక్కోగలరా అని అనుమానం వస్తుంది.

ఇంకోవైపు, మాచ్‌నూర్ ఉన్న ఝరాసంగం మండలంలోనూ పక్కన న్యాల్‌కల్ మండలంలోనూ పరిశ్రమల కోసం 'నిమ్జ్' పేరుతో పన్నెండు వేల ఎకరాలకు పైగా గుర్తించారు. ఉద్యోగాలొస్తాయంటున్నారు, రావచ్చు. నేను ఉద్యోగం చేసుకుంటూ వాళ్ళకి వద్దని చెప్పలేను. కానీ విత్తనం బుట్టలోది ఏటా నేలలో పడితేనే బతుకుతుంది. నేల పోయాక మిగిలేది పటాన్‌చెరులో ఉన్న కాపీయే. విత్తనం కాపీ ఉంటుంది సరే, దాన్ని దేని పక్కన విత్తాలో చెప్పే ఆవిడ కాపీ ఎక్కడా ఉండదు.

మొన్న ఊరెళ్ళినప్పుడు మిగిలిన రెండెకరాల్లో ఒక అర ఎకరం కలిపి పంటలు వేద్దామా అని నాన్నని అడిగాను. ఆయన కాసేపు నావైపు చూశాడు. "ఎరువుకి ఒక బర్రె కావాలి. కాసేదెవరు, నువ్వా?" అన్నాడు.

నవ్వాను గానీ జవాబు చెప్పలేకపోయాను. నాకు బర్రెలు కాయడం రాదు. చదువుకున్నాను కదా.