దారి పక్కన ఊరు

అల్బేనియా ఆగ్నేయ మూలలో, గ్రీసుకు అడ్డంగా గోడ కట్టినట్టు గ్రామోస్ కొండలున్నాయి. రెండున్నర వేల మీటర్ల ఎత్తు. వాటి పడమటి వాలు కింద ఉన్న నేలను కొలోన్య అంటారు. ఎండాకాలంలో కూడా సాయంత్రం అయ్యేసరికి చలి పెట్టే చోటు. ఆ సీమకు పెద్ద ఊరు ఎర్సెక. అక్కణ్ణించి దక్షిణంగా కొద్ది కిలోమీటర్లు పోతే, దారిని ఆనుకునే బొరొవ.

ఏ చరిత్ర పుస్తకానికీ అక్కరలేని ఊరు. రాతి గోడల ఇళ్ళు, గొర్రెల మందలు, కొంచెం గోధుమ. అన్ని ఇళ్ళకూ ఆ నేల తిండి పెట్టలేకపోయేది. అందుకే తరతరాలుగా ఆ ప్రాంతపు మగవాళ్ళు పొట్ట చేతపట్టుకుని ఇస్తాంబుల్‌కో, బుకారెస్ట్‌కో, అమెరికాకో పోయేవాళ్ళు. ఆ పోకకు వాళ్ళ భాషలో ఒక మాట ఉంది: కుర్బెత్. తెలుగులో వలస అంటే సరిపోతుందేమో గానీ, కుర్బెత్‌లో ఇంటి దగ్గర ఎదురుచూసేవాళ్ళ దిగులు కూడా కలిసి ఉంటుంది. దాని మీద అక్కడి ఆడవాళ్ళు కట్టుకున్న పాటలు లెక్కలేనన్ని.

అలా పోయేవాళ్ళకు దారి చూపిందీ, వచ్చేవాళ్ళను ఇంటికి చేర్చిందీ ఊరి పక్కనుంచి పోయే ఆ బాటే. ఉత్తరాన కోర్చ పట్నం నుంచి ఎర్సెక మీదుగా లెస్కొవిక్‌కు, అక్కణ్ణించి గ్రీసులోని యానినాకు పోతుంది. ఉత్తరం ముక్క వచ్చినా, డబ్బు వచ్చినా దాని మీదే రావాలి. 1943 జూలై 6న చావు కూడా, జర్మన్ సైన్యం వెంట, దాని మీదే వచ్చింది.

అప్పటికి అల్బేనియా జర్మనీ చేతిలో లేదు. 1939 ఏప్రిల్ 7న ముస్సోలినీ సేనలు ఓడల్లో వచ్చి దిగాయి. రాజు జోగ్ దేశం విడిచి పారిపోయాడు. అప్పట్నుంచీ ఇటలీ రాజే అల్బేనియాకూ రాజు. కొండల్లో పార్టిజాన్ గెరిల్లా దళాలు పెరుగుతున్నాయి. వాళ్ళు పోరాడుతున్నది ముఖ్యంగా ఇటలీ వాళ్ళతోనే. బొరొవ వాళ్ళకు జర్మన్ సైనికుడు పాత శత్రువేమీ కాదు. ఎవరి యుద్ధానికో ఎవరి ఊరి మీదుగానో పోతున్న పరాయివాడు, అంతే. అతను ఆ దారిలోకి ఎందుకు వచ్చాడో చెప్పాలంటే చాలా దూరం, స్పెయిన్ సముద్రం దాకా పోవాలి.

1943 ఏప్రిల్ ఆఖరున స్పెయిన్ తీరానికి ఒక శవం కొట్టుకొచ్చింది. ఒంటి మీద బ్రిటిష్ అధికారి దుస్తులు, చేతిపెట్టెలో రహస్యపు ఉత్తరాలు. మిత్రరాజ్యాలు గ్రీసు మీద దాడికి సిద్ధమవుతున్నాయన్నది వాటి సారాంశం. నిజానికి ఆ శవం ఒక దిక్కులేని వేల్స్ మనిషిది. ఉత్తరాలు లండన్‌లో అల్లిన కట్టుకథ. హిట్లర్‌ను నమ్మించడానికి ఈ ఒక్క ఎత్తే వేయలేదు, ఇంకా చాలా వేశారు. మొత్తం మీద అతను నమ్మాడు. గ్రీసు తీరానికి కాపలాగా సేనలు కదిలాయి. వాటిలో మాంటెనెగ్రో కొండల్లో పార్టిజాన్ల మీద అప్పుడే ఒక క్రూరమైన దాడి ముగించుకున్న జర్మన్ మొదటి పర్వత డివిజన్ ఒకటి. ఆ సైనికుల టోపీల మీద గుర్తు ఎడెల్‌వైస్, మంచు కొండల్లో రాళ్ళ సందుల్లో పూసే తెల్లని పువ్వు. ఆ డివిజన్‌కు అధిపతి వాల్టర్ ష్టెట్నర్.

వాళ్ళు యానినా వైపు పోవడానికి ఉన్న దారి బొరొవ పక్కనుంచి పోయేదే.

బొరొవ దాటి ఇంకా దక్షిణానికి పోతే బర్మాష్ అనే ఊరి దగ్గర దారి కొండల మధ్య మెలికలు తిరుగుతుంది. పొంచి ఉండేవాడికి అనువైన చోటు. జూలై 6న అక్కడ పార్టిజాన్లు జర్మన్ వాహనాల వరుస మీద విరుచుకుపడ్డారు. గంటల తరబడి కాల్పులు జరిగాయి, జర్మన్లు చచ్చారు. తర్వాత పార్టిజాన్లు కొండల్లోకి వెళ్ళిపోయారు. వాళ్ళ యుద్ధపు తీరే అది, దాన్ని తప్పనలేం. కానీ ఊరు కొండల్లోకి వెళ్ళిపోలేదు కదా. పొయ్యి, ఉయ్యాల, మంచాన పడ్డ ముసలమ్మ, పాలిచ్చే గొర్రె, ఇవి ఎక్కడికి పోతాయి?

బాల్కన్లలో జర్మన్ సైన్యానికి ఇలాంటి సందర్భాల కోసం అప్పటికే ఒక లెక్క ఉంది. ఒక జర్మన్ సైనికుడు చస్తే యాభై నుంచి వంద మందిని చంపవచ్చని 1941 సెప్టెంబర్‌లో ఫీల్డ్ మార్షల్ కైటెల్ ఉత్తర్వు ఇచ్చాడు. ఎవర్ని అన్న పట్టింపు పెద్దగా లేదు. కాల్చినవాడు దొరకకపోతే దొరికినవాడు చాలు.

దొరికింది బొరొవ. బర్మాష్‌లో తగిలిన దెబ్బకు బొరొవలో పగ తీర్చుకున్నారు. ఆంబోతుల పోట్లాటలో లేగల కాళ్ళు విరుగుతాయని మనవాళ్ళు అంటారు. ఇక్కడ లేగల్ని వెతికి వెతికి విరిచారు. అడవి అందినవాళ్ళు బతికారు. అందనివాళ్ళలో ఆడవాళ్ళు, ముసలివాళ్ళు, పిల్లలు. తుపాకులు ఆగిన చోట మంట అందుకుంది. ఒక్కో ఇంటికీ నిప్పు పెట్టుకుంటూ పోయారు. చచ్చినవాళ్ళు 107 మంది.

ఆ రోజు ఎలా గడిచిందో వివరంగా రాయడానికి నా చెయ్యి రాలేదు. బతికినవాళ్ళు తిరిగొచ్చి బూడిదలో ఎవరు ఎవరో పోల్చుకోవడానికి ఎంత తంటాలు పడి ఉంటారో ఊహించడానికే మనసు వెనక్కి తగ్గుతుంది. దక్షిణ అల్బేనియాలో చావింట ఆడవాళ్ళు గుంపుగా కూర్చుని ఏడుపును పాటగా పాడతారు. ఒకామె ఎత్తుకుంటే మిగతావాళ్ళు ఒకే స్వరాన్ని కింద పట్టి నిలబెడతారు. ఒక ఊళ్ళో ఒకే రోజు నూటేడు శవాలు లేస్తే, ఏడ్చే గొంతులే చాలామటుకు శవాల్లో ఉంటే, ఆ కింది స్వరం పట్టేదెవరు?

సరిగ్గా నాలుగు రోజులకు, జూలై 10న, మిత్రరాజ్యాల సేనలు దిగాయి. గ్రీసులో కాదు, సిసిలీలో. ఏ దాడిని అడ్డుకోవడానికి ఆ డివిజన్ ఆ దారి పట్టిందో ఆ దాడి రానే లేదు. స్పెయిన్ తీరంలో ఆ శవం చెప్పిన అబద్ధం వేల మంది సైనికుల ప్రాణాలు నిలబెట్టిందని యుద్ధ చరిత్రకారులు మెచ్చుకుంటారు, సినిమాలు తీస్తారు. మెచ్చుకోదగ్గదే. ఆ లెక్కలో బొరొవను ఏ పద్దు కింద రాయాలో మాత్రం ఎవరూ చెప్పరు.

అదే జూలై 10న, అల్బేనియా నడిబొడ్డున లాబినోట్‌లో పార్టిజాన్ సైన్యానికి ప్రధాన స్థావరం ఏర్పడింది. దేశం ఆ తేదీని సైనిక దినంగా చాలాకాలం జరుపుకుంది. సెప్టెంబర్‌లో ఇటలీ లొంగిపోయాక జర్మన్లు వచ్చి అల్బేనియాను తామే ఆక్రమించుకున్నారు. అంటే బొరొవ తగలబడ్డది జర్మన్ ఏలుబడి మొదలవడానికి రెండు నెలల ముందు.

ఎడెల్‌వైస్ టోపీలు ముందుకు సాగిపోయాయి. ఆగస్టు 16న గ్రీసులో కొమెనో అనే ఊళ్ళో 317 మందిని చంపారు. సెప్టెంబర్‌లో కెఫలోనియా దీవిలో, నిన్నటిదాకా తమ పక్షాన నిలబడ్డ ఇటలీ సైనికుల్ని లొంగిపోయాక వేలల్లో కాల్చిపారేశారు. అక్టోబర్ 3న యానినా పక్కన లింగియాదెస్ వంతు. ష్టెట్నర్ ఏ బోనూ ఎక్కలేదు. 1944 అక్టోబర్‌లో బెల్‌గ్రేడ్ దగ్గరి పోరులో కనిపించకుండా పోయాడు. యానినాలో అతనికి పైఅధికారిగా ఉన్న హుబెర్ట్ లాంజ్‌కు న్యూరెంబర్గ్‌లో పన్నెండేళ్ళ శిక్ష పడింది, వేరే నేరాలకు. 1951కే బయటికొచ్చాడు. జర్మనీలోని మిట్టెన్‌వాల్డ్‌లో పర్వత సైనికుల స్మారకం ఉంది. ఏటా మే, జూన్ రోజుల్లో మాజీ సైనికులు అక్కడ చేరి తమ చనిపోయిన సహచరుల్ని తలుచుకునేవారు. 2002 నుంచి కొందరు జర్మన్ యువకులు ఎదురుగా నిలబడి, వీళ్ళు చంపినవాళ్ళ సంగతేమిటని అడగడం మొదలుపెట్టారు.

జర్మన్లు ఇలాగే నాశనం చేసిన ఊళ్ళు, చెక్ దేశపు లిడిసె గురించి, ఫ్రాన్సు దేశపు ఒరడూర్ గురించి ప్రపంచం చదువుకుంది. బొరొవ పేరు పొరుగు దేశాలకు కూడా సరిగా అందలేదు. దానికి కారణం చచ్చినవాళ్ళు తక్కువ కావడమని నేననుకోను. యుద్ధం తర్వాత కమ్యూనిస్టు పాలకుడు ఎన్వర్ హోజా అల్బేనియాకు తలుపులు బిగించాడు. దాదాపు నలభై ఐదేళ్ళు లోపలి ఏడుపు బయటికి వినిపించలేదు. లోపల మాత్రం స్మారకం కట్టారు, పిల్లల చేత పాఠంగా చదివించారు. ప్రభుత్వం ప్రతి చావునూ తన విజయగాథలో ఒక మెట్టుగా పేర్చుకుంది. ఆ మెట్ల మీద బొరొవ వాళ్ళు వీరులుగా మిగిలారు. వాళ్ళలో చాలామందికి వీరత్వంతో పనే లేదు. వాళ్ళు ఇంట్లో ఉన్నారు, అంతే.

తలుపులు 1991లో తెరుచుకున్నాయి. జనం లోపలికి రాలేదు, బయటికి పోయారు. కొలోన్య యువకులు గ్రామోస్ కొండలు దాటి గ్రీసుకు కూలికి పోయారు, ఆ తర్వాత ఇంకా దూరాలకు. పాత కుర్బెత్ మళ్ళీ మొదలైంది. జర్మన్లు కాల్చాక కూడా తిరిగి కట్టుకున్న ఊళ్ళో, ఏ సైన్యమూ రాకుండానే ఇళ్ళకు తాళాలు పడ్డాయి.

బొరొవలో దారి పక్కనే స్మారకం ఉంది. అటుగా పోయే బస్సులకు అది కనిపిస్తుంది. ఎర్సెక నుంచి లెస్కొవిక్‌కు ఇప్పటికీ అదే దారి.